సుకన్య చార్టులో ఎర్ర గడి

మొన్న ప్రాజెక్టుల పోటీలో అందరి ముందూ నా పరువు పోయింది. అంత సంతోషంగా పరువు పోగొట్టుకున్న టీచర్ మాత్రం జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను!

పులికాట్ ఒడ్డున మా హైస్కూలు. నేను సోషల్ చెబుతాను. పిల్లలకి నూరిపోసేది రెండే ప్రశ్నలు: ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? అవి బోర్డు మీద ఎప్పుడూ ఉండాల్సిందే. చెరిపితే ఊరుకోను.

పదో తరగతి సుకన్యది చేపలు పట్టే కుటుంబం. సరస్సులో ఎవరు ఎక్కడ వల వేయాలో వాళ్ల ఊళ్లో చీట్లు తీసి పంచుకుంటారు. దాని మీదే ప్రాజెక్టు. ఆ చీట్లు ఎప్పుడు తీస్తారన్న దగ్గర చిక్కు వచ్చింది.

"ఏడాదికి ఒకసారని మా అవ్వ చెప్పింది టీచర్."

"అవ్వ చెప్పిందంటే జడ్జీలు ఒప్పుకోరమ్మా. ఇదిగో, నెలనెలా అని రెండు వెబ్‌సైట్లలో ఉంది. ఇంకేం కావాలి?"

పిల్ల తలూపింది. ఒప్పుకుందనుకున్నా, పిచ్చిదాన్ని!

పోటీ రోజు వచ్చింది. జిల్లా పోటీకి వెళ్లేది ఒక్క ప్రాజెక్టే. మా బడి నుంచి ఇంతవరకూ ఒక్కటీ వెళ్లలేదు. సుకన్య చార్టు విప్పింది. ఆకుపచ్చ గడిలో అవ్వ ఫోటో, ఊరి పెద్ద చీట్లు రాసిపెట్టుకునే నోటుబుక్కు ఫోటో. ఎర్ర గడిలో నా రెండు వెబ్‌సైట్లు! పోయింది, ఈసారి కూడా పోయింది అనుకున్నా.

"వీటిని ఎందుకు పక్కన పెట్టినావమ్మా?" అన్నారు జడ్జి గారు.

"రెండోది మొదటిదాన్ని చూసి రాసినారు సార్. మొదటిదాని అడుగున 'స్థానిక టీచర్ ఫోన్‌లో చెప్పారు' అని ఉంది. ఎవరని వాళ్లకి మెయిల్ పెట్టినా. పేరు, తేదీ పంపినారు. ఆ తేదీకి ఆ టీచర్ మా బడిలో చేరి వారమే సార్. చీట్లు తీయడం చూసి కూడా ఉండరు."

"ఎవరా టీచర్?"

సుకన్య ఏడుపు మొహంతో నా వైపు చూసింది.

అప్పుడు గుర్తొచ్చింది! ఈ బడికి వచ్చిన కొత్తలో ఎవరో ఫోన్ చేసి చీట్ల గురించి అడిగితే, తెలీదని చెప్పడానికి నామోషీ అనిపించి, "నెలనెలా అండీ" అని దర్జాగా చెప్పింది నేనే!

"నేనే సార్" అని చెయ్యెత్తాను. హాలంతా ఒకటే నవ్వు. జడ్జి గారు నవ్వుతూనే ఏదో రాసుకున్నారు. సాయంత్రం ఫలితాలు చెబితే సుకన్యకే ఫస్ట్! నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

జిల్లాకి వెళ్లే ముందు ఆ పిల్ల స్కెచ్ పెన్ను పట్టుకుని వచ్చింది.

"టీచర్, ఎర్ర గడిలో మీ పేరు రాయమంటారా, వద్దా?"

"రాయమ్మా, పెద్దక్షరాల్లో రాయి!"

పదిహేనేళ్ల సర్వీసులో ఒక పరిశోధనలో నా పేరు రావడం ఇదే మొదటిసారి మరి.