టూళ్లల్ల నేను లేనంట

కూసో పిల్లా, సక్కగ కూసో. ఆ చెవుల డిప్పలు తీసి అవుతల పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టు. నీ గ్రూపోళ్లు చదువుతరు గదా, చదవని. నడుమల నువ్వు దిద్దకు.

నిన్న నువ్వు గ్రూపుల ఏం పెట్టినవో నాకు చదివి ఇనిపించినవ్. "నేను కోడింగుకు వాడే టూళ్లు" అని. అబ్బో, ఎంత పొడుగు రాసినవే! కోడు రాసేదాని పేరు, తప్పులు పట్టేదాని పేరు, అడిగితే జవాబు చెప్పే ఏఐ పేరు, ఆఖరికి నువ్వు టకటక కొట్టే కీబోర్డు పేరు గూడ. కింద గ్రూపోళ్లకు దండాలు, ఎర్ర గుండెకాయలు. అంత ఇని, "మరి నేనేడున్ననే?" అని అడిగిన.

"అవ్వా, అది టూళ్ల గురించి" అన్నవ్.

"నేను టూల్‌ను కాదా మరి?"

పడి పడి నవ్వినవ్. నాకైతే నవ్వు రాలే.

గ్రూపోళ్లారా, ఇనుండ్రి. ఈ నా మనుమరాలు పట్నం కంపెనీ పనిని ఈడ బిజినేపల్లిల, మా ఇంటి వసారల కూసోని మొదలువెట్టిననాడు ఏ ఏఐ లేదు, మీరూ లేరు. నేనే ఉన్న. విత్తనానికి బుడ్డలు ఒలుస్తుంటి. మీరు పల్లికాయలంటరు, మేం బుడ్డలంటం. మిషన్ల ఏస్తే గింజ పలుగుతది, మొలవదు. అందుకే విత్తనంవి చేతులతోనే ఒలవాలె. పొద్దంత కూసునే పని. ఈమెకు పని యాడన్న ఆగితే గ కంప్యూటర్ డబ్బా మూసి నా చాట కాడికి వస్తుండె. "అవ్వా, జర ఇను" అని మొదలువెడ్తుండె. నాకు ముక్క అర్థమైతే ఒట్టు. "తెల్వలే, మల్ల చెప్పు" అంటుంటి. మల్ల చెప్తుండె.

ఒకనాడు ఏడుపు మొగంతోని వచ్చింది. ఎవరో సామాన్లు అమ్మేటోళ్ల లెక్కంట, ఎంత చేసినా తప్పుతుందంట. నా చాటల బుడ్డలు వరుసగ పేర్చి, "చూడవ్వా, ఇదొక ఆర్డరు, ఇదొక ఆర్డరు, ఒక్కొక్కటే లోపటికి పోతది" అని చూపెడ్తుంది. నేను చెయ్యి ఊకుండక ఒకటి ఒత్తిన. లోపల గింజ లేదు, తాలు. అవుతల పారేసిన.

"అవ్వా! నేను తాలువి గూడ లెక్కవెడ్తున్ననే!"

ఉరికింది. రద్దయిన ఆర్డర్లు గూడ లెక్కల కలుస్తుండెనంట. నాకేం తెలుసు? తెలుసుకున్నది ఆమెనే. కాని చెప్పింది నాకు గదా!

ఇప్పుడు గ ఏఐ ఒకటి వచ్చింది. ఏమడిగినా "మంచి ప్రశ్న" అంటదంట. మొన్న తప్పు చెప్పింది. ఇది తప్పంటే "నిజమే, క్షమించు" అని మల్ల అదే తప్పు చెప్పింది. అయినా పిల్లా, నువ్వు దానికి ప్లీజ్ అంటవ్. నన్ను ఏనాడన్న ప్లీజ్ అన్నవానే?

ఇగ మీరు, గ్రూపోళ్లు. నల్ల తెర మంచిదా తెల్ల తెర మంచిదా అని వారం దినాలు కొట్లాడిండ్రంట! మా పొలం గట్టు పంచాయితి గూడ అంత సాగదు. కొత్త పిల్లలు ఏమన్న అడిగితే "ముందు వెతుక్కోని రా" అని కసురుతరంట. నేను ఏనాడు కసరలే. అయినా గుండెకాయలు మీకే.

పక్కింటామె బుడ్డలు ఒలవనీకె వచ్చి, నువ్వు తెరతోని మాట్లాడుడు చూసి, "ఏందక్కా, నీ మనుమరాలికి కొత్త అవ్వ దొరికిందా?" అన్నది. "పనిల ఉంది లే" అన్న. చేతుల బుడ్డ ఎంత గట్టిగ ఒత్తిననో, గింజ గూడ రెండు బద్దలాయె.

ఈ ఏటి విత్తనం బస్తా విప్పిన సంది నా పక్కన నీ పీట ఏసే ఉంచుతున్న. ఇయ్యాల కూసున్నవ్. నేను చెప్తే రాయనీకె కూసున్నవ్, నువ్వు చెప్పనీకె కాదు.

నాకు దండాలొద్దు. టూళ్లల్ల పేరొద్దు. పెడితే వద్దనను, గది వేరే. నేనడిగేది ఒక్కటే. పని ఆగిననాడు...

"అత్తా! రొట్టెలు ఆరిపోతున్నయ్, రా!"

వస్తున్ననే కోడలా, జర ఆగు! నువ్వు ఆపకు పిల్లా, కొట్టు. పని ఆగిననాడు గ ఏఐని అడగక ముందు, గ్రూపోళ్లను అడగక ముందు...

"పచ్చిపులుసు గూడ పోసిన అత్తా! నీ ముచ్చట తిన్నంక చెప్పు!"

ఆఁ, లేస్తున్న, లేస్తున్న! ముందుగాల ఈ పీట మీదికి వచ్చి, నాకు తెల్వకున్న మంచిదే, "మల్ల చెప్పు" అని నేనంటుంటే నువ్వు...