సుగుణ గారి ఇంపెల్లర్‌ని విరగ్గొట్టింది నేనే

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకైతే మళ్ళీ ఏదో ఒక సాకు కలిపి చెబుతాను. ఇన్నేళ్ళుగా గుండెల మీద ఇనుప దిమ్మెలాంటిది మోస్తున్నాను. బరువుకంటే దాని మీద కోపమే ఎక్కువ. కోపం ఎవరి మీద? అది చెప్పడానికే ఇదంతా.

కాకినాడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీర్ని. మా ప్లాంటుకి ఊపిరి ఒక పెద్ద ఎయిర్ కంప్రెసర్. బయటి గాలిని లాగి, నొక్కి, గొట్టాల్లోకి పంపుతుంది. ఆ గాలి ఆగితే వాల్వులు కదలవు, ప్లాంటు మొత్తం ఆగిపోతుంది. దాని లోపల తిరిగే రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. సముద్రపు ఉప్పుగాలికి మా ఇంపెల్లర్ రెక్కలు చిల్లులు పడి తినేసినట్టయ్యాయి. కొత్తది విదేశం నుంచి రావాలంటే నెలలు పడుతుందన్నారు. అన్నాళ్ళు ఆగే ఓపిక మేనేజరుకి లేదు.

అప్పుడు అలాంటి చక్రం ఇక్కడే చేయించడానికి సుగుణ గారి దగ్గరికి వెళ్ళింది నేనే. రాజమండ్రిలో తమ్ముడు డేనియల్‌తో కలిసి వర్క్‌షాపు నడిపేవారు. అంతకుముందు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవారు. ఇంత వేగంతో తిరిగేది ఎప్పుడూ చేయలేదండీ అని ఆవిడ రెండుసార్లు వద్దన్నారు. నేనే వెంటపడి ఒప్పించాను. చేశారు. ఆదివారం చర్చి మానని మనిషి, ఈ పని కోసం రెండు ఆదివారాలు మానేశారని డేనియల్ తర్వాత చెప్పాడు. హైదరాబాదు పంపించి, తిరిగేటప్పుడు అదరకుండా బ్యాలెన్సింగ్ కూడా చేయించారు. చక్రాన్ని అప్పగించిన రోజు ఒక్కటే మాట చెప్పారు. కొత్త చక్రం కాబట్టి దానికీ చుట్టూ ఉండే ఇనుప కవరుకీ మధ్య గ్యాప్ మళ్ళీ కొలిచి, దానికి తగ్గ షిమ్ వేయించమన్నారు. షిమ్ అంటే సందు సరిచేసే పల్చటి స్టీలు రేకు. సందు సరిపోకపోతే రెక్కలు కవరుకి రాసుకుంటాయి. ఇది నాకు తెలియని సంగతా? కొత్తగా చేరిన ట్రైనీలకి నేనే చెప్పేవాణ్ణి.

బిగించే రోజు ఫిట్టర్లు భోజనానికి వెళ్ళారు. మేనేజరు ఫోను మీద ఫోను. "ఇంకెంతసేపయ్యా?" గ్యాప్ కొలవాలంటే సగం విప్పి మళ్ళీ బిగించాలి. నేను కొలవలేదు. పాత షిమ్ తీసి తుడిచి నా చేత్తోనే మళ్ళీ వేసేశాను. సరిపోతుందిలే అనుకున్నాను. అనుకున్నానా? లేదు, అది కూడా అబద్ధమే. సరిపోకపోవచ్చని తెలుసు. తెలిసీ వేశాను.

మిషను కాసేపు బాగానే నడిచింది. తర్వాత ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా కీచుమంది. ఆగిపోయింది. ప్లాంటు ఆగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. విప్పి చూస్తే రెక్కల కొసలు విరిగి ఉన్నాయి. కవరు మీద గుండ్రంగా, మెరుస్తూ, రాపిడి గీత. చూడగానే అర్థమైంది. విచారణ కమిటీ వాళ్ళు వచ్చేలోపు పాత షిమ్ తీసి జేబులో వేసుకుని, కొలిచే వేశాననుకునేలా ఉండాల్సిన మందం ఉన్న షిమ్ ఒకటి ఆ చోట పెట్టాను. ఆ రోజు చేసినవాటన్నిటిలో నేను కుదురుగా చేసిన పని అదొక్కటే.

"లోకల్ సరుకు ఇంతేనయ్యా" అన్నాడు మేనేజరు. నేను తలూపాను.

మర్నాడు సుగుణ గారు, డేనియల్ వచ్చారు. ఆవిడ వంగి కవరు మీద గీతని వేలితో తడిమారు.

"ఇక్కడ రాసుకుంది సార్. గ్యాప్ కొలిచారాండీ?"

"కొలిచారా అని నన్నడుగుతారేంటండీ? ఇన్నేళ్ళ సర్వీసు నాది. నాసిరకం మెటల్ వేసి తప్పు మా మీదకి తోస్తారా?"

అరిచాను. ఫిట్టర్లందరూ చూస్తుండగా, ఆ షెడ్డు అదిరేలా అరిచాను. డేనియల్ ఏదో అనబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు.

"తప్పు తొయ్యడం లేదండి. మీరు కొలిచానంటే ఇంకేమీ అడగను. కొలిచారా?"

"కొలిచాను."

"అయితే మా పనిలోనే ఏదో ఉందండి."

అంతే. నమ్మేశారు. ఎందుకు నమ్మారు? నిలదీయొచ్చుగా? నా గల్లా పట్టుకోవచ్చుగా? చాలాకాలం ఆవిడ మీదే మండిపడ్డాను, అంత సులువుగా నమ్మినందుకు. ఎంత నీచం చూడండి. మోసం చేసింది నేను, కోపం మోసపోయిన మనిషి మీద.

తర్వాత విదేశం చక్రమే వచ్చింది. దానికి మాత్రం గ్యాప్ కొలిచి మరీ బిగించాను. బాగా నడిచింది. నాకు ప్రమోషన్ వచ్చింది.

ఈమధ్య కాకినాడలో ఒక మిషను షాపుకి వెళ్తే, అక్కడ లేతు మీద పనిచేస్తూ డేనియల్ కనిపించాడు. "నమస్కారం సార్, బాగున్నారా?" అన్నాడు. సొంత షాపు ఏమైందని అడిగాను. మూసేశారట. మా వాళ్ళు ఆర్డర్లు ఆపేసినందుకు కాదు. వేరే ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చి అడిగినా అక్క ఒప్పుకోలేదట. విరిగిన చక్రాన్ని ముక్కలు కోయించి, మెటల్ పరీక్షలు చేయించి, తప్పెక్కడుందోనని వెతుకుతూనే ఉందట. దొరకలేదట. "తప్పు తెలియకుండా ఇంకొకటి చేసి ఎలా ఇస్తాంరా, ఎవరి ప్రాణం మీదకైనా వస్తే?" అందట.

లేని తప్పు కోసం. ఇన్నేళ్ళు.

మర్నాడు ఆఫీసు మీటింగులో అందరి ముందూ చెప్పేశాను. ఇప్పటి మేనేజరు కుర్రాడు, మంచివాడే. నవ్వి, "పాత విషయాలు ఇప్పుడెందుకు సార్, టీ తాగండి" అన్నాడు. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. ఆ టీ కప్పు గోడకేసి కొట్టాలనిపించింది. ఆ మనిషి బతుకు మీకు పాత విషయమా? అయినా నాకేం హక్కుంది? దాన్ని పాతది కానిచ్చింది నేనే కదా.

రాజమండ్రి వెళ్ళాను. సుగుణ గారు ఇంట్లో పిల్లలకి లెక్కలు చెబుతున్నారు. పిల్లల్ని పంపేసి విన్నారు. గ్యాప్ కొలవలేదని, షిమ్ మార్చానని, ఏదీ దాచకుండా చెప్పాను.

"అయితే మెటల్ బాగానే ఉందా?" అన్నారు.

"బాగానే ఉందండి. మీ పనిలో ఏ లోపమూ లేదు."

కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్ళు నాకు తెలిసిన కళ్ళు కావు. లేవబోయాను.

"కూర్చోండి. ఆ రోజు మీరు మాట్లాడారు. ఇప్పుడు నేను మాట్లాడాలి."

మాట్లాడారు. ఒక్క 'అండి' లేకుండా మాట్లాడారు. ఆ మాటలు ఇక్కడ రాయను. అవి ఆవిడవి. నేను తలెత్తలేదు, అడ్డు చెప్పలేదు. క్షమించమని అడగలేదు, ఆవిడా క్షమించలేదు. చివర్లో తలుపు తీసి పట్టుకున్నారు.

బయటికొచ్చాక విపరీతంగా ఆకలేసింది. రోడ్డు పక్కన బండి దగ్గర నిలబడి పెసరట్టు తిన్నాను. చాలాకాలం తర్వాత నోటికి రుచి తెలిసింది. అందుకు కూడా నా మీద నాకు ఒళ్ళు మండింది. అయినా ఇంకొకటి వేయించుకుని తిన్నాను.