అంచున్న మంచం

వడ్రంగి పొద్దున్నే వచ్చి వసారాలో లక్క పాలిష్ డబ్బా మూత తీశాడు. స్పిరిట్టూ లక్కా కలిసిన ఆ ఘాటు దువ్వాడలోని మా ఫ్లాటంతా పాకేసరికి, కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అది మా నాన్న చొక్కా వాసన. అమ్మ మంచానికి చుట్టూ జానెడెత్తున ఉన్న అంచు కోయించేస్తే ఎక్కి దిగడానికి నాకు సుఖంగా ఉంటుందని మా అబ్బాయి పిలిపించిన మనిషి ఇతను. ఆ అంచు తగిలి నా మోకాళ్ల మీద పడిన మచ్చలు చూస్తే వాడన్నదీ తప్పు కాదు.

అప్పట్లో వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. నాన్న ఓడల్లో కొయ్యపని చేసే మేస్త్రీ దగ్గర వడ్రంగి. పక్క వాటాలోని కాశిం చిన్నాన్న అక్కడే పాలిష్ వేసేవాడు. నేను ఐదో తరగతిలో ఉండగా, ఒకప్పుడు దొరల్నీ షావుకార్లనీ దేశదేశాలు తిప్పిన పెద్ద ఓడ ఒకటి మరమ్మతుకని మా రేవుకొచ్చింది. ముంజెల రోజుల్లో మొదలైన పని వానలు వెలిసి, సీతాఫలాలు వచ్చి, మంచు పడేదాకా సాగింది.

రోజూ అన్నాల దగ్గర అవే కబుర్లు. ఇత్తడి కడ్డీల మెట్లు, అద్దాల తలుపుల పుస్తకాల గది, డాన్సుల హాలు, మంగలి షాపు, నీలం పలకల ఈత తొట్టి, అలలు లేచినప్పుడు పళ్లేలు జారకుండా భోజనాల బల్లలకు పైకి లేచే అంచులు, నేలకు కొక్కేలతో బిగించిన కుర్చీలు, ఇలా ఒక్కొక్కటే చెబుతూ నాన్న చేపల పులుసులో ముల్లు కూడా చూసుకునేవాడు కాదు. నీళ్ల మీద కదిలే ఓడలో నిలువు చూడ్డానికి దారం కట్టిన తూకంగుండు వేస్తే అదీ అబద్ధమే చెబుతుందని నవ్వేవాడు.

వాటన్నిటిలోనూ అమ్మకు పట్టింది, పైగదుల కోసం నాన్న చేస్తున్న అంచున్న మంచం ఒక్కటే. తగరపువలస దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక కూడా చాప మీదే పడుకునే మనిషి ఆమె. మంచానికి అంచెందుకని అడిగింది.

"సంద్రం ఎంత ఊపీసినా మనిసి కిందపడకండా," అన్నాడు నాన్న.

ఆ మంచం మీద ఒక్కసారి పడుకోవాలని అమ్మకు కోరిక పుట్టింది. నగలడగలేదు, చీరలడగలేదు, అదొక్కటే అడిగింది. చూపిస్తానని నాన్న మాటిచ్చాడు.

ఓడ వెళ్లిపోయే ముందు ఆదివారం పనివాళ్ల ఇళ్లవాళ్లని లోపలికి రానిచ్చారు. అమ్మ పెళ్లిచీర కట్టి, పులిహోర మూటతో బయల్దేరింది. మెట్లనీ అద్దాలనీ దాటుకుంటూ నేరుగా పైగదుల వైపే నడిచింది. నాన్న చేసిన మంచం, కొత్త పరుపు, తెల్లటి దుప్పటి. అమ్మ చెయ్యి వేయబోతే కాపలా మనిషి అడ్డొచ్చి, ముట్టుకోకూడదన్నాడు.

"ఒక్కపాలి నడుం వాల్చి లెగిసిపోతాను, బాబూ."

వీల్లేదన్నాడు. నాన్న తల దించుకున్నాడు. తర్వాత మమ్మల్ని అడుగు అంతస్తుకి తీసుకెళ్లాడు. అక్కడ కిటికీల్లేని హాల్లో, చవక టికెట్ల వాళ్ల కోసం ఒకదాని మీద ఒకటిగా ఇనప మంచాలున్నాయి. మనకైతే ఇవే ఇస్తారు కాబోలని అమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. పులిహోర మూట విప్పకుండానే ఇంటికొచ్చేశాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ నాన్న ఒకే మాటన్నాడు.

"నీ మంచం నాను సేత్తానే."

మేస్త్రీ ఇచ్చిన టేకు ముక్కలు అతికి అతికి, మరుసటేడు దీపావళికి చేశాడు. కాశిం చిన్నాన్న పాలిష్ పెట్టాడు. అయితే ఓడపని అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, ఆ తర్వాత చేసిన బల్లకీ అంచే, గూళ్లకీ అంచే, చివరికి పీటకీ అంచే. మరమరాలు మూలల్లో ఇరుక్కుంటున్నాయని అమ్మ సణిగేది. నేనూ కాశిం చిన్నాన్న కూతురూ మంచమెక్కి రంగూన్ వెళ్లొచ్చేవాళ్లం. ఎదురింటాయన అరుగు మీంచి ఎకసెక్కాలాడేవాడు: "బావా, మీ ఇల్లెప్పుడు బయల్దేరతాది?"

ఆ వాటాలు లేవు, ఆ అరుగూ లేదు. ఓడ ఏనాడో ఎక్కడో తుక్కైపోయే ఉంటుంది. నాన్నా పోయాడు, కాశిం చిన్నాన్నా పోయాడు. అమ్మ చివరి రోజులు ఈ ఫ్లాట్లోనే గడిచాయి. తల తిరుగుడు జబ్బు వల్ల కళ్లు మూసినా గోడలు తిరిగేవి. నిద్రలో దొర్లి ఆ అంచుకే ఆనుకునేది. చాకిరీ చేసి చేసి నేనూ అలిసిపోయాను. ఒక సాయంత్రం అంచుని పిడికిట్లో బిగించి పట్టుకుని, మొహంలో ఎప్పుడూ లేని వెలుగుతో అడిగింది.

"ఓడ కదిలిందేటే?"

కదిలిందమ్మా అన్నాను.

వడ్రంగి రంపం తీసి, ఎక్కడిదాకా కోయాలని అడుగుతున్నాడు. పాలిష్ మాత్రం పెట్టి వెళ్లిపొమ్మన్నాను. ఈమధ్య నాక్కూడా తల తిరుగుతోంది.