ఎవరిదో బండి నూనె

మా నాయిన బండిని తుక్కుకు వేయాలన్న మాట మొదట నా నోట రాలేదు, తమ్ముడి నోట వచ్చింది. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, నాకు తోడబుట్టినవాళ్లు లేరు. మహబూబాబాద్‌లో మా ఇంటి ముందు రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే మెకానిక్. ఆ షెడ్డుకు జాగా ఇచ్చింది నాయినే. నాయిన పోయిన రోజు పాడె మోసిన నలుగురిలో వాడొకడు. ఆ ఏడాది రాఖీ పండుగనాడు పొద్దున్నే వచ్చి మా గుమ్మం ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. కట్టాను. నాకూ ఒక తమ్ముడున్నాడని బడిలో తోటి టీచర్లకు గొప్పగా చెప్పుకున్నాను.

రాఖీ కట్టించుకున్న తమ్ముళ్లు అక్క చేతిలో చీరో, నోటో పెడతారు. మావాడు మాత్రం ఎడమచెయ్యి చాపి, "తాళంచెవి ఇయ్యక్కా" అనేవాడు. బండికి ఇంజన్ ఆయిల్ మార్చడమే వాడి కానుక. నేను తిరిగేది ఇంటికీ బడికీ మధ్యే కాబట్టి ఏడాదికి ఒక్కసారి చాలని వాడే తేల్చాడు. గంట తర్వాత బండి తెచ్చి పెట్టి, పాత నూనె నింపిన సీసా నా చేతికిచ్చేవాడు. "చూసినవా అక్కా, ఎంత మురికి దిగిందో" అనేవాడు. నల్లటి ఆ నూనెను మా బాత్‌రూం తలుపుకు చెదలు పట్టకుండా పూసేదాన్ని. అట్లా ఆరేళ్లు పూశాను.

రెండేళ్లుగా ఇంజన్ చప్పుడు మారింది. బడికి చేరేసరికి కాలు ఆనించలేనంత వేడెక్కేది. రైలు గేటు దగ్గరి ఎత్తు ఎక్కాలంటే మూలిగేది. అడిగితే, "పెద్దమనిషి బండి గదక్కా, వయసైంది" అనేవాడు. ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఇంకో మాట అన్నాడు.

"ఇగ గిది పనికి రాదక్కా. గార్లకు పోయే తొవ్వల తుక్కు కొనెటాయన ఉన్నడు. ఆదివారం రమ్మంట."

మూడు రోజులు ముక్కు చీదుకుని సరేనన్నాను. బండి సంగతిలో వాడి మాటకు నా దగ్గర ఎదురు ఉండేది కాదు.

ఆ వారంలోనే వాడు వాళ్లమ్మ సంవత్సరీకం కోసం కాళేశ్వరం పోయాడు. శనివారం బడి నుంచి వచ్చాక బండి ముందు నిలబడ్డాను. పోయేవాళ్లకు స్నానం చేయించి పంపుతాం కదా, దీన్ని మాత్రం మురికి నూనెతో ఎందుకు పంపాలి అనిపించింది. ఒక్కసారి నా చేత్తో మార్చి పంపుదామనుకున్నాను. వాడు వచ్చాక చూపించి నోరు మూయించాలన్న సరదా కూడా ఉంది లెండి. నాకు స్పానర్ పట్టుకోవడం రాదని వాడు తెగ వెక్కిరించేవాడు. ఫోనులో వీడియో రెండుసార్లు చూసి, బస్టాండు దగ్గర ఆయిల్ డబ్బా కొనుక్కొచ్చి, నాయిన పనిముట్ల సంచి విప్పాను.

ఇంజన్ కింద ఒక బోల్టు ఉంటుంది. అది విప్పితే పాత నూనె దిగిపోతుంది. పని మొత్తం అంతే. గోనెసంచి పరుచుకుని బండి పక్కన పడుకుని, పదిహేడో నంబరు స్పానర్ తగిలించి తిప్పాను. కదల్లేదు. తిప్పేది ఎడమకో కుడికో మూడుసార్లు సరిచూసుకున్నాను, పిల్లలకు దిక్కులు నేర్పే దాన్నయి ఉండి. డీజిల్ పోసి అరగంట ఆగాను. స్పానర్‌కు పాత నీళ్ల పైపు ముక్క తొడిగి కాలితో తన్నాను. స్పానర్ జారి, నా వేళ్ల కణుపులు నేలకు గీసుకుపోయాయి.

పక్కింటి అవ్వ గోడ మీది నుంచి చూస్తోంది. "ఏందే బిడ్డా, బండి కింద పండుకున్నవ్?"

"బోల్టు ఊడుతలేదవ్వా."

"తమ్ముడొచ్చినంక తీయించరాదు?"

"వాడొచ్చేవరకు నేనే తీసి చూపిస్త."

మంకుపట్టు నాకు నాయిన ఇచ్చిన ఆస్తి. స్క్రూడ్రైవర్‌తో బోల్టు చుట్టూ గీకడం మొదలుపెట్టాను. మట్టి పోయింది. మట్టి కింద వెండిరంగు పెయింటు పెచ్చుగా లేచింది. పెయింటు కింద బూడిదరంగులో రాయిలాంటిది తగిలింది. నీళ్ల ట్యాంకులు కారితే రెండు ముద్దలు కలిపి పూస్తారే, ఆ మందు. బోల్టు చుట్టూ మెత్తి, నున్నగా దిద్ది, పైన రంగు వేశారు. మొదట కంపెనీలోనే అట్లా చేస్తారేమోనని కూడా అనుకున్నాను, నా తెలివికి. ఇంకొంచెం గీకితే ఆ ముద్దలో గట్టిపడిపోయిన బొటనవేలి ముద్ర కనిపించింది. ఈ బండి మీద నాయిన తర్వాత చెయ్యి వేసింది ఒక్కడే.

సుత్తితో ఆ ముద్దను పగలగొట్టాను. అంతసేపు మొరాయించిన బోల్టు చేతికి ఊడి వచ్చింది. దాని మరలు ఎప్పుడో అరిగిపోయి నున్నగా ఉన్నాయి. వెనకాలే దిగింది నూనె కాదు, తారు. అరగ్లాసు కూడా లేదు. అందులో ఇనుప రజను మెరుస్తోంది. ఆ బోల్టు ఆరేళ్లుగా ఎవరూ విప్పలేదు.

తల తిప్పితే బాత్‌రూం తలుపు కనిపించింది. ఆరు పూతల నూనె నిగనిగలాడుతోంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆదివారం పొద్దున వాడు గుండుతో, చేతిలో కాళేశ్వరం ప్రసాదంతో వచ్చాడు. ప్రసాదం అందుకుని, అది ఇచ్చిన వాడి చేతిలోనే బోల్టు పెట్టాను. చూడగానే వాడికి అర్థమైంది.

"నాయిన పోయిన ఏడేనక్కా," అన్నాడు నేల చూస్తూ. "మస్తు బిగించిన, త్రెడ్డు కొట్టుకపోయింది. నాయిన బండిరా, పైలం అని నువ్వు చెప్పి పంపితివి. నీకు చెప్పబుద్ధి కాలే."

"అప్పుడే చెప్తే రెండు తిట్లు తిట్టి ఊకునేదాన్ని."

"అవునక్కా."

"మరి తర్వాతేడు?"

"అప్పటికే ఏడాదాయె. ఇగ ఎట్ల చెప్పాలె? తక్కువైనంత నూనె పైనుంచే పోసుకుంట వచ్చిన."

"సీసల నూనె ఎవరిది?"

వాడు బోల్టును వేళ్ల మధ్య తిప్పాడు.

"ఎవరిదో బండిదక్కా."

బోల్టు పాడుచేసినందుకు నేను వాడిని అప్పటికే క్షమించాను. భయపడ్డాడు, దాచాడు, మనిషన్నాక దాస్తాడు. కానీ ఏటా ఎవరి బండి నూనెనో సీసాలో పట్టి, పాతగుడ్డతో తుడిచి, చూసినవా అక్కా అంటూ నా చేతిలో పెట్టాడే, అది మింగుడు పడలేదు. ఆ రాఖీలన్నీ నేను నిజంగా కట్టాను. చివరికి తన తప్పు బయటపడకుండా బండినే లేకుండా చేద్దామనుకున్నాడు. నాయిన గుర్తును నా చేత్తోనే అమ్మించబోయాడు.

తుక్కు కొనే ఆయనను గేటు నుంచే పంపేశాను. జనగామలో త్రెడ్డు కొత్తగా కోసే లేత్ షాపు ఉందని తోటి టీచర్ చెబితే, బండిని ఆటో ట్రాలీలో అక్కడికి తీసుకుపోయాను. ఆ షాపు నడిపే ముసలాయన నాలుగు రోజులు పెట్టుకున్నాడు.

"ఇంజన్ల రింగులు మార్చిన, త్రెడ్డు కోసిన. ఇంకో పదేండ్లు తిరుగుతది," అన్నాడు. "గీ బండిని తుక్కుకు ఎవరెయ్యమన్నరమ్మా?"

నేను డబ్బులు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాను.

రింగులు కొత్తవి కాబట్టి మొదటి నూనె తొందరగానే మార్చాలని ఆయన చెప్పి పంపాడు. రాఖీ పండుగనాడు తెల్లవారగానే గోనెసంచి పరిచి ఆ పని నేనే చేశాను. బోల్టు ఒక్క తిప్పుకు వదులైంది.

ఎనిమిదింటికి వాడు వచ్చాడు. గడప దాటకుండా నిలబడి కుడిచెయ్యి చాపాడు. తలుపు తీయకూడదని వారం నుంచి అనుకుంటూనే ఉన్నాను, అయినా కట్టాను. అలవాటు కొద్దీ ఎడమచెయ్యి లేచింది. "తాళంచెవి" అని, ఆ మాట అక్కడే మింగేశాడు.

తాళంచెవి నా కొంగు ముడిలోనే ఉంది. ముడి విప్పలేదు. లోపలికి పోయి, పొద్దున దింపిన నూనె పట్టిన సీసా తెచ్చి, చాపిన ఆ చేతిలో పెట్టాను.

"గిది మా బండిదే రా," అన్నాను.