విడిపోని రెండు బిళ్ళలు

మా అక్క గురించి చెప్పమంటే ముందు ఒళ్ళు మండుతుంది నాకు. యంత్రాల భాగాలు తయారుచేసే మా కార్ఖానాలో కొలతల గదిలో పని ఆమెది. పదకొండేళ్లుగా ఆ గదిలో రెండో మనిషిగానే ఉంది. పైనున్న పెద్దాయన రిటైరయ్యాడు. సోమవారం పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చి, కొలత బిళ్ళల పెట్టె చూసి సరేనంటే, ఆ కుర్చీ అక్కదే.

ఆ బిళ్ళలు అద్దంలా నున్నటి ఉక్కు ముక్కలు. రెండింటిని ఒత్తి జరిపితే జిగురు లేకుండానే అతుక్కుంటాయి. అలా జతచేసి కావలసిన కొలత తెచ్చుకుంటాం. పని కాగానే విడదీసి, నూనె రాసి పెట్టెలో పెట్టాలి. అలాగే వదిలేస్తే ఒకదానికొకటి పట్టేసి ఇక ఊడవు. మా కార్ఖానాలో చీపురు పట్టేవాడికి కూడా ఈ సంగతి తెలుసు. శుక్రవారం సాయంత్రం వాటిని తీసుకున్నది నేను, విడదీయకుండా పోయింది నేను. నా గ్రైండింగ్ మెషీన్ మీద ఆఖరి ముక్క కొలిచి, బస్సు పోతుందని పరిగెత్తాను. నా బుద్ధి గడ్డి తింది.

సోమవారం ఎనిమిదింటికే అక్క ఆ జతను ముందేసుకుని కూర్చుంది. కిరోసిన్‌లో నానబెట్టింది. పక్కకు జరపబోయింది. ఊహూఁ, కదిలితేగా!

“చెక్క సుత్తితో ఒక్కటేస్తే పోతుందిగా!” అన్నాను.

“ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా.”

తిట్టి ఊరుకోవచ్చుగా! పాఠం మొదలెట్టింది. ఆమెకదో జబ్బు.

“ఇనుములో చాలాభాగం ఖాళీయేరా. పరమాణువు మధ్యలో రవ్వంత గింజ, చుట్టూ ఎలక్ట్రాన్లు. మరి నా చెయ్యి ఈ బల్లలోంచి ఎందుకు దూరిపోదు? ఒక ఎలక్ట్రాన్ తన చోటికి ఇంకోదాన్ని రానివ్వదు. పైగా ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గట్టిదనమంటే అదే.”

“తొమ్మిదైంది తల్లీ!”

“పరమాణువులు సరైన దూరానికి చేరితే, పట్టి ఉంచేదీ ఆ విద్యుత్ బలమే.” జతను పైకెత్తి పట్టుకుంది. “చూడు, భూమి మొత్తం కలిసి కింది బిళ్ళని లాగుతోంది. ఊడిందా? అంత భూమి బలం ఈ వేలెడు ఇనుము ముందు దిగదుడుపే.”

నాకు ఏడుపొచ్చింది. పోయేది ఆమె కుర్చీ, పాఠం నాకా!

పదిన్నరకు, అరచేతుల వేడికో కిరోసిన్‌కో, జత కిర్రుమని జారింది. ఎగిరి గంతేశాను. అక్క భూతద్దం పెట్టి చూసింది. ఒక బిళ్ళ మీద వెంట్రుకంత గీత.

“కంటికే ఆనట్లేదు. తుడిచి పెట్టెయ్ అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“దీంతో కొలిచినవన్నీ తప్పుతాయి. రేపు ఏ యంత్రంలో ఎవడి చెయ్యి నలుగుతుందో!”

వింటేనా! మొండిఘటం. అధికారి రాగానే ఆ బిళ్ళను తనే తీసి చూపించింది. ఎలా జరిగిందో కాగితం మీద రాసిచ్చింది. ఆయన పెట్టె మొత్తం పక్కన పెట్టించాడు. మధ్యాహ్నానికల్లా కుర్చీ పక్క విభాగం మనిషికి వెళ్ళిపోయింది.

“తప్పు నాదని రాశావా లేదా?” అని నిలదీశాను.

“రాశా. నాదీ రాశా.”

“నువ్వేం చేశావ్, నా తలకాయ!”

అక్క నావైపు చూడలేదు. “శుక్రవారం, బిళ్ళలు తీసుకెళ్ళేవాళ్ళ పుస్తకంలో సంతకం పెట్టించకుండా నీ చేతికిచ్చా. సంతకం ఉంటే, సాయంత్రం గంట కొట్టగానే పుస్తకం చూసి వెనక్కి తెప్పించేదాన్ని. ఇంకెవరైనా అడిగితే అలా ఇచ్చేదాన్నారా?”

పదకొండేళ్ళలో ఆమె సంతకం అడగనిది ఒక్కసారే, ఒక్కడినే.