ఎనిమిది కొత్త క్యారేజీలు

ఆటోనగర్‌లో ఆడమనిషి నడిచి వెళ్తుంటే వెల్డింగ్ చేసేవాళ్ళు కూడా పని ఆపి తలెత్తి చూసే రోజులవి. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, తలనిండా కొంగు, నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఒక అబద్ధం. మరీ చెడ్డదేమీ కాదు. "ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అని ఎవరైనా అడిగితే "ఐదో తరగతండీ" అనేదాన్ని. (రెండో తరగతి అంటే చులకనగా చూస్తారు, పదో తరగతి అంటే ఏదైనా చదివి చూపించమంటారు. ఐదైతే మర్యాదగా ఉంటుందని నా ఉద్దేశం.) నిజానికి నేను బడి ముఖమే చూడలేదు. కొండపల్లిలో మా ఇంట ఆడపిల్లలకు సూదీ దారం ఇచ్చారు గాని పలక ఇవ్వలేదు. ఆ అబద్ధం బయటపడిన రోజు సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పోయిన నెలలో, నాకు పనిచ్చిన మెస్సు పెద్దమ్మ పోయింది కాబట్టి ఇక చెప్పొచ్చు.

మా ఆయన చెయ్యి వర్క్‌షాపులో నలిగి రెండు నెలలు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఇల్లు గడవాలంటే నేను పనికి వెళ్ళక తప్పదు. స్పేర్ పార్టుల షాపుల వెనక రేకుల షెడ్డులో పెద్దమ్మ మెస్సు నడిపేది. పని అడగడానికి వెళ్ళి గుమ్మం బయటే నిలబడి, "మేం సాయిబులమండీ" అని ముందే చెప్పేశాను, తర్వాత మాట రాకూడదని. పెద్దమ్మ ఉయ్యూరు వైపు రైతుల ఇంటి మనిషి. కూరలో గరిటె తిప్పుతూనే, "నేనడిగానా? ముందు అన్నం తిను. ఆకలితో ఉన్నవాళ్ళ చేత ఉల్లిపాయలు కోయిస్తే ఇంకా ఏడుస్తారు" అంది. అలా వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, పనికైనా, పలకరింపుకైనా, దారి అడగడానికైనా, ముందు పీట వాల్చి కూర్చోబెట్టాకే మిగతా మాటలు.

మధ్యాహ్నం ఎనిమిది క్యారేజీలు షాపులకు చేర్చడం నా పని. పాత క్యారేజీలన్నీ నాకు చుట్టాల్లాంటివి. అడుగున సొట్ట ఉన్నది క్రేను బాబాయిది. పిడి వంకరగా ఉన్నది శనివారం మావయ్యది. మూత బిగుసుకుపోయేది పథ్యం గారిది. (ఈయనకు కడుపులో పుండు. ఇంట్లోవాళ్ళ ఆజ్ఞ ప్రకారం చప్పటి బీరకాయ, చారు తప్ప ఏమీ పంపకూడదు.) అంతా సాఫీగా జరిగిపోతుంటే, దసరాకి ఒక షాపు షావుకారు పెద్దమ్మ మీద అభిమానంతో ఎనిమిది కొత్త స్టీలు క్యారేజీలు కొని, మూతల మీద ఎవరి పేరు వాళ్ళకు కొట్టించి మరీ పంపాడు. సొట్ట లేదు, వంకర లేదు. ఎనిమిదీ కవలపిల్లల్లా తళతళా మెరుస్తున్నాయి.

ఆ శనివారం పెద్దమ్మ వాటిని వరసగా పెట్టి, ఒక్కో మూతా కొంగుతో తుడిచి చాలాసేపు చూసి, అప్పుడు నింపింది. "పేర్లు చూసి ఇచ్చిరా" అంది. నాకు ఆ పేర్లు చీమలు పాకినట్టు కనిపించాయి. అయినా తెలివి లేనిదాన్ని కాదు కదా. ప్రతి షాపు ముందూ బుట్ట దింపి, "కొత్తవండీ, మీ పేరు మీరే చూసుకుని తీసుకోండి" అన్నాను. పేరు కనబడగానే ఒక్కొక్కరూ పెళ్ళికొడుకుల్లా మురిసిపోయి తీసుకున్నారు. పని ఇంత సులువని తెలియక అనవసరంగా భయపడ్డాననుకుంటూ తిరిగొచ్చాను.

ఒంటిగంట దాటాక క్రేను బాబాయి క్యారేజీ పట్టుకుని ఊడిపడ్డాడు. "పెద్దమ్మా, నేనేమన్నా బాలింతనా? ఉప్పూ కారం లేని బీరకాయ పంపావేంటి?"

ఆయన వెనకే శనివారం మావయ్య. "ముప్ఫై ఏళ్ళుగా శనివారం నీసు ముట్టనండీ. మూత తీస్తే రెండు కోడిగుడ్లు నా వంకే చూస్తున్నాయి."

"తిన్నావా ఏంటి?" అని అడిగింది పెద్దమ్మ.

"పులుసు కొంచెం కలిపానండీ. చూసుకోలేదు."

క్రేను బాబాయి నా వైపు తిరిగాడు. "ఈ పిల్లే మార్చేసి ఉంటుంది. అసలు దీనికి చదువొచ్చో లేదో కనుక్కున్నావా?"

ఇంటి దగ్గర మా ఆయన చేతికి ఇంకా కట్టు ఉంది. ఈ పని పోతే పొయ్యి వెలగదు. పెద్దమ్మ మాత్రం తొణక్కుండా, "పిల్లనేం అనకండి. కళ్ళజోడు పెట్టుకోకుండా నేనే నింపాను" అంది.

"మీకు కళ్ళజోడు లేదు కదా, పెద్దమ్మా" అన్నాను. (సాయం చేద్దామనే అన్నాను. అప్పటి నా తెలివి అంతవరకే.)

పెద్దమ్మ నన్నొక చూపు చూసి, "అందుకే పెట్టుకోలేదు" అంది. వాళ్ళు ఆ మాట తేల్చుకునేలోపే ఇద్దరినీ కూర్చోబెట్టి వేడన్నం వడ్డించింది. ఇంతలో పథ్యం గారు వచ్చారు. ముక్కు ఎర్రబడింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, చేతిలో క్యారేజీ కడిగినంత శుభ్రంగా ఖాళీ. ఆయనకు వెళ్ళింది క్రేను బాబాయి చేపల పులుసు. "రేపు కూడా ఇదే పంపండమ్మా. మా ఆవిడకు మాత్రం చెప్పకండి" అన్నారు మెల్లగా.

అందరూ వెళ్ళాక పెద్దమ్మ పీట మీద చతికిలబడి, "ఐదో తరగతన్నావు కదే. పేర్లు చూడలేదా?" అంది.

"ఎవరి పేరు వాళ్ళే చూసుకున్నారండీ. నాకు చదవడం రాదు, పెద్దమ్మా. రేపటి నుంచి రానులెండి" అని ఏడ్చేశాను.

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. నవ్వు, ఆపుకోలేని నవ్వు, ఎక్కిళ్ళు వచ్చేదాకా. "నాకు మాత్రం వచ్చా ఏంటే? ఇన్నాళ్ళూ సొట్టలు చూసే నింపాను. ఆ మహానుభావుడు కొత్తవిచ్చి నా కొంప ముంచాడు." నేను ఏడుపు మధ్యలోనే నవ్వాను. "రేపటి నుంచి రానంటే ఎలా కుదురుతుంది? నా గుట్టు తెలిసినదాన్ని ఊరి మీదకు వదిలేస్తానా? ఇంకో అరగంట ముందే రా" అంది.

ఆ సాయంత్రం ఆవిడ పాత చీరలు చింపి ఎనిమిది పిడులకు ఎనిమిది రంగుల పీలికలు కట్టాం. అడిగినవాళ్ళకు దిష్టి తగలకుండా అని చెప్పాం. మా ఆయన చెయ్యి బాగయ్యాక కూడా నేను పదకొండేళ్ళు అక్కడే పనిచేశాను.

మా మనవరాలు ఒకటో తరగతిలో చేరిన ఏడు, దాని పక్కనే కూర్చుని నేనూ అక్షరాలు దిద్దాను. అప్పటికి నాకు యాభై దాటాయి. ముందుగా పెద్దమ్మ దగ్గరకే వెళ్ళాను. ఆవిడ గోడ మీది క్యాలెండరు నా చేతికిచ్చి చదవమంది. ఒక్క ముక్క చదివేసరికి స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. "మీరూ నేర్చుకోండి, పెద్దమ్మా" అంటే, "నీకొచ్చింది కదే, ఇద్దరికీ సరిపోతుందిలే" అంది.

పోయిన నెల ఆవిడ పెద్దకర్మకు సరుకుల జాబితా రాయాల్సి వచ్చింది. ఆవిడ కూతురు నా చేతిలో కాగితం, పెన్ను పెట్టి, "అక్కా, నేను చెప్తుంటాను, నువ్వు రాయి" అంది, మంచినీళ్ళ గ్లాసు అందించినంత మామూలుగా. నేను బియ్యం దగ్గర ఉండగానే తను కందిపప్పు, నూనె దాటి చింతపండు దాకా వెళ్ళిపోయింది. ఒక్కో అక్షరం గుండ్రంగా వచ్చేదాకా ఆగి, పేజీ సగం నింపి తలెత్తి చూశాను. ఇల్లంతా జనం. నేను జాబితా రాయడం ఎంత పెద్ద సంగతో తెలిసిన మనిషి వాళ్ళలో ఒక్కరూ లేరు.

"ఏంటక్కా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అంది ఆ అమ్మాయి.

"ఏం లేదమ్మా. చింతపండు ఎన్ని కిలోలు రాయమంటావు?" అన్నాను.