మిషనక్క ట్రాక్టరు కొన్న వైనం

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనే పిలిచేవారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మెడలో కొలతల టేపు, కాళ్ల దగ్గర ఎప్పుడూ గుడ్డపీలికల గుట్ట. పెళ్లయిన కొత్తలో ఒక పాత మిషను కొని మోసపోయింది. పైన బంగారు పువ్వులు మెరిసిపోయేవి గానీ, సూది మాత్రం నాలుగు కుట్లకోసారి అలిగి కూర్చునేది. దాన్ని విప్పి, కడిగి, బిగించి దారికి తెచ్చుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచి ఏ యంత్రాన్ని చూసినా ముందు చెయ్యి పెట్టి చూసేది, తర్వాతే మాట్లాడేది.

భర్తది అందుకు పూర్తిగా వేరే తీరు. కష్టజీవి, మనసు వెన్న. కానీ ఎర్రరంగు కనబడితే చాలు, కరిగిపోతాడు. అదునొచ్చిన ప్రతిసారీ అద్దె ట్రాక్టరు కోసం ఎవరి గుమ్మం ముందో నిలబడి విసిగిపోయి, ఆ ఏడు సొంతానికి ఒక పాత బండి కొందామన్నాడు. ఆమె సరేనంది. మెకానిక్ పని చేసే తమ్ముణ్ణి భోజనానికి పిలిచి, ఏమేం చూడాలో చెయ్యి కడుక్కోనీకుండా అడిగి తెలుసుకుంది.

మొదట పాత బళ్లు అమ్మే వ్యాపారి షెడ్డుకి వెళ్లారు. ఎర్రటి ట్రాక్టరు పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. వ్యాపారి తాళం తిప్పేలోపే మిషనక్క ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది.

"మేం రాకముందే నడిపారా, అన్నయ్యా?"

"మీరొస్తున్నారని కాస్త వేడిచేసి ఉంచానమ్మా."

"కాఫీ అయితే వేడిగానే బాగుంటుంది. దీన్ని చల్లగా ఉన్నప్పుడు చూడాలట. రేపు పొద్దున వస్తాం, అప్పటిదాకా ముట్టుకోకండి."

వెళ్లేముందు వంగి క్లచ్ పెడల్ చూసింది. గళ్లన్నీ అరిగి అద్దంలా నున్నగా ఉంది. మీటర్లో నడిచిన గంటలు చూస్తే మాత్రం బండి నిన్నగాక మొన్న పుట్టినట్టుంది. ఇన్నాళ్లూ మిషను తొక్కిన కాలు ఆమెది. తొక్కుడుపలక అంతలా అరగాలంటే ఎంత పని చెయ్యాలో దానికి తెలుసు.

మర్నాడు బండి దగ్గింది, మొరాయించింది, చివరికి లేచి నీలంపొగ కక్కింది. ఎంతసేపటికీ ఆ పొగ ఆగలేదు.

"ఇంజను ఆయిలు తాగేస్తోందండీ," అంది భర్త చెవిలో.

"రంగు మాత్రం బాగుంది," అన్నాడాయన, బడి ఎగ్గొట్టనివ్వలేదని అలిగిన పిల్లాడిలా మొహం పెట్టి. దారిపొడుగునా మూతి ముడుచుకునే ఉన్నాడు.

వారం తిరక్కుండానే తమ్ముడు ఇంకో కబురు తెచ్చాడు. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక ఒక తాతగారు బండి అమ్ముతున్నారట. అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి చూస్తే రేకుల కింద వెలిసిపోయిన ట్రాక్టరు, దాని సీటు మీద కోడిపెట్ట.

"కాస్త ఆగండి, గుడ్డు పెట్టి దిగుతుంది," అన్నారు తాతగారు. ముగ్గురూ నిలబడి ఎదురుచూశారు. వెలిసిన ఆ రంగు చూసి భర్త మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. మిషనక్కకి నవ్వాగలేదు. కోడి కూర్చున్న బండి పొద్దున్నుంచీ కదల్లేదనేగా అర్థం.

ఇంజను చల్లగా ఉంది. రేడియేటర్ మూత తీస్తే నీళ్లమీద నూనె తెట్టు లేదు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నల్లగా ఉంది గానీ, నీళ్లు కలిసిన పాలరంగు లేదు. తాళం తిప్పగానే ఒక్కసారి తుమ్మినట్టయి, గుప్పెడు పొగ వదిలి, ఆపైన లయ తప్పకుండా మోగింది. 

"ఒకటి చెప్పాలమ్మా," అన్నారు తాతగారు. "నాగలి ఎత్తి ఇంజను ఆపితే, దాన్ని మోసే లిఫ్టు మెల్లగా కిందికి జారుతుంది. ముందే చెప్పలేదని రేపు తిట్టుకోకూడదు."

ఆపి చూశారు. నిజంగానే జారింది. లోపల నూనె కారకుండా ఆపే సీలు మారిస్తే సరిపోతుందని తమ్ముడన్నాడు. బండి మీద కొట్టిన నంబరు, కాగితాల్లో నంబరు ఒకటేనని చూసుకున్నాక, మిషనక్క భర్త వైపు తిరిగింది.

"మీరేమంటారండీ?"

ఆయన స్టీరింగు అటూ ఇటూ తిప్పి, పొలంగట్టు దాకా నడిపి వచ్చాడు. దిగేసరికి మొహం చాటంత అయింది. "చెప్పినమాట వింటోందే," అన్నాడు.

"మరి అమ్మాయి నడపదా?" అన్నారు తాతగారు.

పెద్దాయన మాట కాదనలేక ఎక్కింది. క్లచ్ వదిలిన తీరుకి బండి ఎగిరిపడింది, కోళ్లు చెల్లాచెదురయ్యాయి. రెండోసారి మెల్లగా వదిలింది. బండి నున్నగా కదిలింది. వెనక భర్త చప్పట్లు కొడుతూ పరిగెడుతుంటే, చీరకొంగు నడుముకి దోపుకుని కళ్లం చుట్టూ తిరిగింది. ఆపమన్నా ఆపలేదు.

బేరం కుదిరి బండి ఇంటికొచ్చి, సీలు మార్పించాక, తొలి దుక్కి ఆమే దున్నింది. మొదటి చాలు పాములా వంకర పోయింది. గట్టుమీద భర్త పొట్టపట్టుకుని నవ్వాడు. ఆమే ముందు నవ్వేసింది కాబట్టి కోపం రాలేదు. పొద్దెక్కేసరికి చాళ్లు తిన్నబడ్డాయి. ఇంటి దగ్గర జాకెట్ల కోసం వచ్చినవాళ్లు తాళం చూసి పొలానికే వచ్చేశారు. బండి ఆపి, వాళ్లని ఇంజను పక్కనే నిలబెట్టి, నల్లబడ్డ చేతులు కొంగుకి తుడుచుకుని కొలతలు తీసుకుంది.